బిందె పెట్టుకునే చోటు

"తుపాకీ ఆనించుకునే చోటండీ ఇది! పైన ఒక పక్క బయటికొచ్చి ఎంత చదునుగా ఉందో చూడండి! డచ్చివాళ్ళు ఇక్కడ తుపాకీ పెట్టి, సముద్రం మీద వచ్చే ఓడల్ని గురి చూసేవారండి" అని ఆ ఎర్ర టోపీ మనిషి మైకులో చెబుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మామూలుగానే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. తూకంలో మోసం చేసే చేపల ఆవిడ దగ్గర్నించి లిఫ్టు బాగు చేయించని అపార్ట్‌మెంటు సెక్రటరీ దాకా, నాతో తగువు పడనివాళ్ళు మా వీధిలో లేరు. కానీ ఆ రోజు కోపం వేరు. అది తుపాకీ పెట్టుకునే చోటు కాదు. బిందె పెట్టుకునే చోటు. ఆ చోటు ఎవరు అడిగి మరీ పోయించుకున్నారో తెలిసిన మనిషి నా పక్కనే, లాంచీ కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

మేం ముగ్గురం రాజమండ్రిలో ఒకే హాస్టల్లో, ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. ఆ హాస్టల్లో ఒకే పేరు గలవాళ్ళు గదికొకళ్ళు ఉండేవారు. అందుకని ఎవరినైనా ఊరి పేరు పెట్టి పిలవడమే అలవాటు. నేను ఆత్రేయపురం. నర్సరీలవాళ్ళ పిల్ల కడియం. మూడోది సముద్రపొడ్డు నించి వచ్చింది. దాని ఊరి పేరు చెబితే మాలో ఎవరికీ తెలిసేది కాదు. "ఎక్కడే అది?" అంటే, "సరుగుడు తోటలు దాటాక" అనేది. "ఆ తోటలు ఎక్కడే?" అంటే, "మా ఊరికి ముందు" అనేది. దాంతో దానికి సరుగుడు అనే పేరు ఖాయమైపోయింది. ఇప్పుడు మాకు మోకాళ్ళ నొప్పులొచ్చాయి, మనవలొచ్చారు, పిలుపులు మాత్రం మారలేదు.

మారింది సరుగుడు వాళ్ళ ఊరు. అసలు మారడం కాదు, లేకుండా పోయింది. ముందు సరుగుడు తోట పోయింది. తరవాత ఇసక రోడ్డు, ఆ తరవాత బడి. ఒక్కో తుఫానుకి సముద్రం ఒక్కో వీధి దాటుకుంటూ వచ్చి వాళ్ళ పెరట్లో నిలబడింది. ఎగువ నించి ఒండ్రు రావడం లేదు కాబట్టి సముద్రం ఒడ్డుని తినేస్తోందని చదువుకున్నవాళ్ళు చెబుతారు. చెప్పడం వరకే. ఊరి జనం మంచాలూ తలుపులూ ఊడదీసుకుని తలో దిక్కూ పోయారు. సరుగుడు వాళ్ళు రాజమండ్రి చేరారు. వాళ్ళమ్మ పోయేదాకా ఒకటే మాట అనేది: "ఇల్లు పోతే పోయింది. నుయ్యిని ఎలా వదిలేసి వచ్చామే!"

ఆ నుయ్యి సంగతి నాకు బాగా తెలుసు. చదువుకునే రోజుల్లో సెలవులకి వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఊరి చుట్టూ ఉప్పు నీళ్ళే, ఆ ఒక్క నూతిలో మాత్రం తియ్యటి నీళ్ళు. ఊళ్ళో సగం మంది బిందెలు పట్టుకుని ఆ పెరట్లోకే వచ్చేవారు. సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి దింపి కట్టిన నుయ్యి అది. పైన చివరి ఒర పోయించేటప్పుడు వాళ్ళమ్మ మేస్త్రీతో దెబ్బలాడి, ఒక పక్క అంచుని జానెడు బయటికి చదునుగా పోయించుకుందట. నీళ్ళు తోడాక బిందె అక్కడ ఆనించి, నడుముకెత్తుకోడానికి. వంగి లేచే పని తప్పుతుందని. ఆవిడ పగలల్లా వంటింట్లోంచే ఒక కేక వేస్తూ ఉండేది: "తొంగి చూడకండర్రా, పడతారు!" నుయ్యి కనిపిస్తే తొంగి చూడని పిల్లలెక్కడుంటారు? పెద్దదాన్ని, కాలేజీ పిల్లని, నేనే చూసేదాన్ని. నాకూ పడేది కేక.

ఇక మా షికారు సంగతి. ఈ ఏడు సరుగుడు కూతురు రాజమండ్రిలో పురుడు పోసుకుంది. ఆడపిల్ల. మా వైపు ఇరవై ఒకటో రోజున బాలింత చేత నూతిలో చేద వేయిస్తారు. నూతిగట్టుకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చేంతాడు ఆ పిల్ల చేతికిచ్చి, ఒక్క చేదడు నీళ్ళు తోడిస్తారు. నానబెట్టిన శనగలు పేరంటాళ్ళకి పంచుతారు. అప్పటి నించి ఆ పిల్ల మంచం దిగి మళ్ళీ ఇంట్లో మనిషి అయినట్టు. సరుగుడు వాళ్ళమ్మ ఆ నూతిలోనే చేద వేసింది. ఈ కూతురు పుట్టినప్పుడు సరుగుడూ ఆ నూతిలోనే వేసింది. అప్పుడు శనగలు పంచిపెట్టింది నేనే.

మరి అయిదో అంతస్తు ఫ్లాటులో నుయ్యెక్కడిది? వంటింటి గోడకి బిగించిన నీళ్ళ ఫిల్టరుకి పసుపు రాశారు. బొట్టు పెట్టారు. పిల్ల స్టీలు చెంబు పట్టుకుని మీట నొక్కేసరికి, లోపల నీళ్ళయిపోయాయని ఎర్ర లైటు వెలిగి కుయ్యిమని కూత మొదలెట్టింది. పేరంటాళ్ళంతా విరగబడి నవ్వారు. బాలింత కూడా నవ్వింది. సరుగుడు మాత్రం నవ్వలేదు. బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు బట్టలు మడతపెడుతూ కూర్చుంది. నేను వెళ్ళి పలకరిస్తే, "నా పిల్లకి నుయ్యి లేకుండా చేశానే" అంది. నువ్వు చేశావా, సముద్రం చేసింది గానీ అన్నాను. "ఎవరు చేస్తే ఏం, లేకపోవడం లేకపోవడమే కదా" అంది.

ఆ తరవాత కొద్ది రోజులకి కడియం ఫోనులో ఒక వీడియో పట్టుకొచ్చింది. కడియానికీ వాళ్ళాయనకీ సముద్రం ఎదురుగా కూర్చుని కాఫీ తాగాలని చాన్నాళ్ళ కోరిక. ఎవరో ప్లాట్లు వేసి అమ్మే వెంచర్ వాళ్ళు, బస్సులో తీసుకెళ్ళి, నర్సాపురంలో లాంచీ ఎక్కించి, సంగమం దగ్గర వింతలన్నీ చూపించి, భోజనం పెట్టి, ప్లాట్లు చూపించి తీసుకొస్తారట. అంతా ఫ్రీ. మనవాళ్ళకి ఫ్రీ అంటే చెప్పేదేముంది, బస్సులో సీటు దొరకడమే కష్టమట. "ప్లాటు కొనక్కర్లేదే, షికారుకి పోదాం" అంటూ కడియం వీడియో వేసింది. విరిగిన బార్జీ పడవ, నీళ్ళలో నిలబడ్డ తాటి మోళ్ళు, ఆ తరవాత ఒక గుండ్రటి స్తంభం. దాని మీద అక్షరాలు: డచ్చివారి కాపలా బురుజు.

సరుగుడు ఫోను లాక్కుంది. వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. "ఇది బురుజేంటే, మా నుయ్యే!" అంది. చుట్టూ ఉన్న మన్నంతా సముద్రం లాగేసుకుపోతే, భూమిలో ఉండాల్సిన ఒరలు అలా నీళ్ళలో పైకి లేచి నిలబడ్డాయి. పైన ఒక పక్క జానెడు చదును.

అప్పటికప్పుడు తేల్చేసింది. ఆ నూతిలో చెంబు ముంచి, నీళ్ళు తెచ్చి, కూతురి చేతిలో పొయ్యాలి. అంతే. మరింకేమీ అక్కర్లేదు. అక్కడికి వెళ్ళడానికి ఇప్పుడు రోడ్డు లేదు, నడిచే దారీ లేదు. లాంచీ ఒక్కటే వెళ్తుంది కాబట్టి లాంచీ ఎక్కుదాం అంది. వాళ్ళమ్మ నీళ్ళు తాగిన ఇత్తడి చెంబుని చింతపండు పెట్టి తోమి, మెడకి కొత్త తాడు కట్టి, పసుపూ కుంకుమా పొట్లాలు అందులో వేసి సంచిలో పెట్టుకుంది. నేను మా ఊరి పూతరేకులు పెట్టుకున్నాను. కడియం కొత్త చలవ కళ్ళద్దాలు పెట్టుకుంది.

బస్సు ఎక్కగానే అందరి నెత్తినా తలో ఎర్ర టోపీ పెట్టారు. నేను పెట్టుకోనన్నాను. "కంపెనీ రూలండి మేడమ్" అన్నాడు మైకు పట్టుకున్న మనిషి. మధ్యవయసు మనిషి, మెడలో టై, మాటకి ముందు ఒక నవ్వూ మాట తరవాత ఒక నవ్వూ. మీ కంపెనీలో నేనెప్పుడు చేరానండీ అని అడిగాను. కడియం నా చెయ్యి గిల్లి, టోపీ తీసుకుని నా ఒళ్ళో పెట్టింది. రావులపాలెం దాటి, పాలకొల్లు దాటి, నర్సాపురంలో లాంచీ ఎక్కేదాకా ఆ టోపీ మీద కూర్చునే వెళ్ళాను.

నది మాత్రం బాగుంది, ఉన్నమాట చెప్పాలి. వశిష్ఠ అక్కడ ఎంత వెడల్పో! అవతలి గట్టున కొబ్బరి చెట్లు గీత గీసినట్టుంటాయి. లాంచీ నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా పోతోంది. పూతరేకులు విప్పాను. చేతులకి నెయ్యి, పెదాలకి పంచదార. ముగ్గురం హాస్టల్ వార్డెన్ని అనుకరించి నవ్వుకున్నాం. సంగమం దగ్గర ఎర్రటి గోదారి నీళ్ళూ నల్లటి సముద్రపు నీళ్ళూ కలవకుండా పక్కపక్కన నడుస్తుంటే జనమంతా ఒకే పక్కకి ఎగబడ్డారు. లాంచీ నడిపే సరంగు కేకలేసి సగం మందిని వెనక్కి పంపాడు. అక్కడ సరుగుడు నది నీళ్ళు దోసిట్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది.

అక్కడి నించి మొదలైంది మైకు. ఇసకలో కూరుకుపోయిన తుప్పు బార్జీని చూపించి, ముత్యాలతో మునిగిపోయిన ఓడ అన్నాడు. ఇసక మోసిన బార్జీ అది, పక్కన పేరు కూడా సగం కనబడుతోంది. తాటి మోళ్ళ వరస చూపించి, "దెయ్యాల తోటండీ" అన్నాడు. అది సరుగుడు వాళ్ళ ఊరి పొలిమేర. ఆ తాళ్ళ నించి దించిన ముంజలు నేను తిన్నాను. సరుగుడు ఆ మోళ్ళని ఒక్కొక్కదాన్నే చూసుకుంటూ, పెదాలు కదుపుతూ, ఎవరి పొలం గట్టు ఎక్కడో తనలో తను చెప్పుకుంటోంది. ఆ తరవాత స్తంభం. ఆ తరవాత తుపాకీ.

"నర్సాపురంలో వలందర రేవు చూశారు కదండీ, ఆ వలందావాళ్ళు, అదేనండీ డచ్చివాళ్ళు, కట్టిందేనండి ఇది" అని ముక్తాయింపు. చరిత్ర తెలిసినట్టు, దానికి సాక్ష్యం ఉన్నట్టు! అందరూ ఫోన్లు పైకెత్తారు. ఒకాయన కొడుక్కి, "చూశావా, ఎంత టెక్నాలజీయో ఆ రోజుల్లో" అని చెబుతున్నాడు.

నేను లేచి ముందుకి వెళ్ళాను. "ఏవండీ, లాంచీ ఇక్కడ ఆపండి. మావాళ్ళు దిగాలి" అన్నాను.

"ఇక్కడ ల్యాండింగు లేదండి మేడమ్. లాంచీ మీంచే ఫోటోలు" అని నవ్వాడు.

"అది బురుజు కాదు. మావాళ్ళ నుయ్యి."

"అలాగంటారా అండీ" అని మళ్ళీ నవ్వాడు.

"అలాగనడమేంటి? ఆ చదును తుపాకీకి కాదు, బిందెకి. ఇక్కడ ఊరుండేది. ఊరు మునిగిపోయింది!"

అప్పుడు పోయింది ఆ నవ్వు. గబుక్కున మైకు కట్టేసి, నన్ను ఇంజను గది పక్కకి తీసుకెళ్ళాడు. "అమ్మగారూ, మీకు దండం పెడతాను, నెమ్మదిగా మాట్లాడండి. కస్టమర్లున్నారు" అన్నాడు. అంటే మీకు తెలుసా అది నుయ్యని, అన్నాను. "తెలీకేమండి. నుయ్యి చూడ్డానికి లాంచీ ఎక్కి ఎవరొస్తారండీ? పైగా నుయ్యంటే ఊరేమైంది అంటారు. ఊరేమైందో చెప్తే మా ప్లాట్లేమవుతాయండి? బురుజని చెప్పమన్నారు, చెప్తున్నాను."

నెమ్మదిగా మాట్లాడమని నాకు చెబుతున్నాడు. నాకు! ఊరిని సముద్రం తినేసింది. సరే, సముద్రానికి బుద్ధి లేదు, అలలకి ఇంగితం ఉండదు. కానీ ఈ మనుషులు ఆ మింగిన చోటు పక్కనే ప్లాట్లకి రంగు జెండాలు పాతి, అక్కడ ఊరుండేదన్న మాటని కూడా మింగేస్తున్నారు. ఒక ఆడమనిషి నడుము నొప్పిని తలుచుకుని పోయించుకున్న జానెడు సిమెంటుని తీసుకెళ్ళి ఎవరో వలందావాడి చేతిలో పెడుతున్నారు. లాంచీ అంతా వినేటట్టు అరుద్దామని నోరు తెరిచాను.

ఆయన తెలివైనవాడు. "మీవాళ్ళని దింపిస్తానండి. సముద్రం ఆటు మీద ఉంది, నీళ్ళు వెనక్కి తీశాయి, మోకాలి లోతే. ఇసక మేట దాకా లాంచీ పోతుంది. మీరు మాత్రం అక్కడి నించి వచ్చేదాకా ఈ మాట ఎత్తకండి. ఎత్తారో, లాంచీ వెనక్కి తిప్పేస్తా" అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. సరుగుడు సంచి గుండెలకి హత్తుకుని నా వంకే చూస్తోంది. దాని కళ్ళల్లో బురుజూ లేదు, ప్లాట్లూ లేవు. "ఆపుతాడా?" అని అడుగుతున్నాయి ఆ కళ్ళు. నోరు మూసుకున్నాను. మా ఆయన చూసి ఉంటే నమ్మేవాడు కాదు.

చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని దిగాం. కడియం, కళ్ళద్దాలు తడుస్తాయని లాంచీలోనే ఉండిపోయింది. కాళ్ళ కింద ఇసక జారిపోతోంది. సరుగుడు నాకంటే ముందు పోతోంది. ఆ నడక చూస్తే నీళ్ళలో నడిచినట్టు లేదు. "ఇది పశువుల పాక. ఇక్కడ గోరింటాకు చెట్టు. జాగ్రత్త, ఇక్కడ మెట్టు" అంటూ, లేని మెట్టు దగ్గర కాలెత్తి వేసింది. నేనూ ఎత్తి వేశాను.

నుయ్యి మా గుండెల ఎత్తు ఉంది. బయట ఒరలకి నత్తలూ నాచూ పట్టాయి. ఎవరో ప్రేమికులు బొగ్గుతో పేర్లు రాశారు. ఒక ఒర పగిలి లోపలి ఇనప చువ్వలు బయటికొచ్చాయి. పైన ఆ చదును మాత్రం చెక్కు చెదరలేదు. బిందెల అడుగులు ఒరుసుకుని నునుపు తేలి, మధ్యలో కొంచెం గుంట పడి ఉంది. సరుగుడు దాని మీద చెయ్యి వేసింది. చెయ్యి తియ్యలేదు. నేను సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను.

కాసేపటికి పసుపు తడిపి అంచు చుట్టూ రాసింది. చదును మీద మూడు వేళ్ళతో మూడు గీతలు లాగి, వాటి మీద కుంకుమ పెట్టింది. నేను ఊరుకోలేక లోపలికి తొంగి చూశాను. "తొంగి చూడకే, పడతావ్!" అంది. అచ్చం వాళ్ళమ్మ గొంతు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. అది నవ్వబోయి ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. ఇందులో దాచుకునేదేముంది, వచ్చింది.

లోపల సగం దాకా ఇసక. ఇసక పైన గుండ్రంగా నీళ్ళు. ఆ నీళ్ళలో ఒక కూల్‌డ్రింకు సీసా, దాని మీద ఒక పీత, ఆకాశం, నా మొహం. సరుగుడు చెంబు వదిలింది. తాడు పెద్దగా పట్టలేదు. ఒకప్పుడు చేద వదిలితే అది నీటిని తాకే చప్పుడు కోసం ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు వెంటనే తాకింది. చెంబు వంచి, నింపి, పైకి లాగి, అలవాటుగా ఆ చదును మీద పెట్టింది. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుని నడుముకెత్తుకుంది. బిందె కూడా కాదు, చెంబు. అయినా నడుముకే ఎత్తుకుంది.

లాంచీ ఎక్కి, చెంబు సరుగుడు ఒళ్ళో భద్రంగా కూర్చున్నాక, వచ్చేదాకా అన్న నా మాట గడువు తీరిపోయింది. టోపీ మనిషి చేతిలోంచి మైకు లాక్కున్నాను. "అందరూ వినండి! మీరు చూసింది బురుజు కాదు, మంచినీళ్ళ నుయ్యి. దాని చుట్టూ ఒక ఊరుండేది. ఇళ్ళు, బడి, పొలాలు అన్నీ సముద్రం తీసుకుపోయింది. ఇంకాసేపట్లో మీకు అమ్మబోయే చోటుకీ దీనికీ ఎంత దూరమో మీ కళ్ళతో మీరే చూస్తారు. ఆ నూతిలో తియ్యటి నీళ్ళు తాగి పెరిగిన మనిషి ఇదిగో, ఇక్కడే ఉంది!"

చెప్పేశాను అనుకున్నాను. ఇందాకటి ఆయన, కొడుక్కి టెక్నాలజీ గురించి చెప్పినాయన, చెయ్యెత్తాడు. "అయితే మేడమ్, ఇక్కడ బోరు వేస్తే తియ్యటి నీళ్ళే పడతాయంటారా?"

టోపీ మనిషి మెరుపులా నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "పడతాయండీ! విన్నారు కదండీ, లోకల్ మేడమ్ గారే చెప్పారు. సముద్రం పక్కనే తియ్యటి నీళ్ళు! ఇంకెక్కడా దొరకదండి ఈ అదృష్టం!" జనం చప్పట్లు కొట్టారు. నాకు! నా మాటకి! ఒకావిడ వచ్చి, "మంచి మాట చెప్పారండి, మావారు నీళ్ళ గురించే భయపడుతున్నారు" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ లాంచీలోంచి దూకేద్దామా అనిపించింది.

భోజనంలో గుత్తివంకాయ బాగుందని అందరూ అన్నారు. నేను ముట్టలేదు. ఇసక మీద రంగు జెండాలు ఎగురుతున్నాయి. కడియం ప్లాటు కొనలేదు. హమ్మయ్య, దీనికైనా బుద్ధొచ్చింది అనుకున్నాను. బస్సులో అడిగితే చెప్పింది, దక్షిణాన అంత నీళ్ళుంటే వాస్తుకి పనికిరాదట. ఇది ఫోను చేస్తే, ఇంటి దగ్గరున్న వాళ్ళాయన సిద్ధాంతిగారిని అడిగి చెప్పాడట. పాలకొల్లు వచ్చేదాకా దానితో మాట్లాడలేదు నేను.

సరుగుడు దారి పొడుగునా చెంబుని ఒళ్ళోంచి దించలేదు. బస్సు ఎగిరినప్పుడల్లా అరచెయ్యి అడ్డం పెట్టింది. సాయంత్రం ఫ్లాటుకి వెళ్ళి, కూతుర్ని పిలిచి చెంబు చేతికిచ్చింది. ఆ పిల్ల కంప్యూటరు ముందు నించి లేచి వచ్చి, చెంబులో వేళ్ళు ముంచి, నాలిక్కి తాకించుకుంది. "ఉప్పగా ఉందేంటమ్మా?" అంది. "నుయ్యి ఎక్కడుందనుకున్నావు మరి" అంది సరుగుడు. ఆ పిల్ల ఇంకేమీ అడక్కుండా తల్లి మొహం చూసి, చెంబు అలాగే నడుముకెత్తుకుని లోపలికెళ్ళి, ఉయ్యాల్లో పాప పాదాలకి ఆ నీళ్ళు రాసింది. ఎవరూ నేర్పకుండానే నడుముకెత్తుకుంది. నా కోపం ఆ పూటకి చల్లారిందని చెప్పొచ్చు.

ఆ పూటకే. నెల తిరక్కుండా కడియం ఇంకో వీడియో పంపింది. అదే లాంచీ, అదే టోపీలు. ఇప్పుడు లాంచీ నూతి దగ్గరే ఆగుతోంది. జనం దిగుతున్నారు. కొబ్బరికాయలు కొడుతున్నారు. ఒరల నిండా పసుపు, ఎవరో ఎర్రటి జాకెట్టు గుడ్డ చుట్టారు, నిమ్మకాయల దండ వేశారు. చదును మీద కర్పూరం వెలుగుతోంది. వీడియో మీద అక్షరాలు: సాగరమాత వెలసిన స్తంభం, మా వెంచర్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. దగ్గరగా చూపించినప్పుడు కర్పూరం పక్కన మూడు వేళ్ళ గీతలు కనబడ్డాయి. మైకు మనిషి గొంతు వినబడుతోంది: "ఈ వేళ్ళు ఎవరివో ఎవరికీ తెలీదండీ! అమ్మవారివేనండీ!"

నేను ఆటో ఎక్కి సరుగుడు ఫ్లాటుకి పరిగెత్తాను. ఫోను దాని ముందు పెట్టి, తిట్లు మొదలెట్టాను. వీళ్ళ నోళ్ళు పడిపోను, నిన్న తుపాకీ పెట్టారు, ఇవాళ అమ్మవారిని పెట్టారు, రేపు హుండీ పెడతారు. పద, పోలీసు కంప్లయింటు ఇద్దాం, పేపరుకి రాద్దాం, ఆ మైకు వాణ్ణి నాలుగు వీధుల మధ్య నిలబెడదాం అంటూ నా ధోరణిలో నేను పోతున్నాను. మనవరాలు దాని భుజం మీద నిద్రపోతోంది. సరుగుడు నా మాటలు వినడం లేదు. వీడియో అయిపోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ అయిపోయింది, మళ్ళీ వేసింది. పిల్లలూ పెద్దలూ వరసగా వచ్చి, బొట్టు పెట్టి, దండం పెట్టి, ఫోటో దిగి వెళ్ళిపోతున్నారు.

"ఏంటే, మాట్లాడవేం?" అన్నాను.

"అది కాదే" అంది, తెర మీంచి కళ్ళు తియ్యకుండా. "ఇంతమంది వచ్చారు కదా. ఒక్కళ్ళూ లోపలికి తొంగి చూడట్లేదేంటే?"